ఎలక్ట్రిక్ కారు బుక్ చేసి మూడు నెలలు దాటింది, ఇప్పుడు పూర్తి డబ్బు కట్టమంటున్నారు: కట్టాలా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీ ఇల్లు గుంటూరు కొరిటెపాడులో, ఉద్యోగం విజయవాడలో. 21,000 రూపాయలు కట్టి ఎలక్ట్రిక్ కారు బుక్ చేశారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఇస్తామన్నారు, మూడు నెలలు దాటింది. ఇప్పుడు ఫోన్ చేసి, డిసెంబరు 31 లోపు మొత్తం కట్టేస్తే పాత ధరకే బిల్లు వేస్తామని, ధనుర్మాసం వెళ్ళాక సంక్రాంతికి కారు ఇస్తామని అంటున్నారు. అది కాదనుకుంటే వేరే రంగు కారు సిద్ధంగా ఉంది, వెంటనే తీసుకెళ్ళమంటున్నారు. కట్టాలా, రంగు మార్చుకోవాలా, రద్దు చేసుకోవాలా, ఈలోగా ఇంట్లో ఛార్జింగ్‌కు ఏ ఏర్పాట్లు చేసుకోవాలి? ఇదీ మీరు అడిగింది.

సూటిగా చెబుతాను. మీ పేరు మీద కేటాయించిన కారు షాసీ నంబరు (ఒక్కో కారుకు ఫ్యాక్టరీలో వేసే గుర్తింపు సంఖ్య) రాతపూర్వకంగా మీ చేతికి వచ్చేదాకా బుకింగ్ సొమ్ముకు మించి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. నంబరు ఇచ్చాక, ఆ కారును స్వయంగా చూశాక కట్టండి. రద్దు చేసుకోవలసిన పరిస్థితి ఇంకా రాలేదు. రంగు సంగతి ఆ సిద్ధంగా ఉన్న కారు ఎప్పుడు తయారైందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇక ఈ ఎదురుచూసే రోజులను ఇంటి కరెంటు పనికి వాడుకోండి. కారు వచ్చాక జనం ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే.

నేను విజయవాడ షోరూములలో డెలివరీ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. 2020లో నెక్సాన్ ఈవీ, జడ్‌ఎస్ ఈవీ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి నా పని ఎక్కువగా ఎలక్ట్రిక్ కార్లతోనే. ఇప్పుడు కొనేవాళ్ళ తరఫున కారు పరీక్షించి పెట్టడం, ఛార్జర్ల వైరింగ్ దగ్గరుండి చేయించడం నా వృత్తి. బల్లకు రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి షోరూము వాళ్ళ ఇబ్బందులూ తెలుసు, మీ ఆందోళనా తెలుసు.

షాసీ నంబరును ఎందుకు ఇంతగా పట్టుకుంటున్నానో చెబుతాను. బుకింగ్ నుంచి డెలివరీ దాకా కారు కొన్ని మెట్లు దాటుతుంది. మీ బుకింగ్ కంపెనీ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఫ్యాక్టరీలో ఆ వేరియంటు, ఆ రంగు తయారయ్యే వంతు వస్తుంది. తయారైన కారు షోరూము పేరు మీద బిల్లవుతుంది. ట్రైలర్ మీద ఊరి బయట స్టాక్ యార్డుకు చేరుతుంది. అప్పుడు ఆ కారును ఒక కొనుగోలుదారుకు కేటాయిస్తారు. ఈ చివరి మెట్టు దాకా లోకంలో ‘మీ కారు’ అంటూ ఏదీ లేదు. చాలా కంపెనీలలో కారు ముందు షోరూము సొత్తుగా వస్తుంది, ఎవరికి ఇవ్వాలో షోరూము మేనేజరు నిర్ణయిస్తారు. నెలాఖరు లక్ష్యం పూర్తికావలసి ఉండి, చేతిలో డబ్బుతో ఇంకొకరు ఎదురుగా కూర్చుంటే, మీ కంటే వెనక బుక్ చేసినవారికి కారు వెళ్ళిపోవడం నేను చూశాను.

ఇప్పుడు మీకు వాళ్ళు చెప్పిన మాటను దీనితో పోల్చి చూడండి. అసలు అమ్మకపు బిల్లు మీద షాసీ నంబరు ఉండి తీరాలి. నంబరు లేని కారుకు బీమా పాలసీ రాదు, తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాదు. కాబట్టి డిసెంబరులోనే బిల్లు వేస్తామంటే కారు ఈపాటికే తయారై ఉండాలి, నంబరు వాళ్ళ దగ్గర ఉండాలి. ఉంటే చెప్పడానికి అభ్యంతరం ఏముంటుంది? చెప్పడం లేదంటే కారు ఇంకా లేదు. అప్పుడు మీరు కట్టేది బిల్లు సొమ్ము కాదు, వడ్డీ లేని అడ్వాన్సు మాత్రమే. దానికి పాత ధర వర్తిస్తుందన్న మాటకూ పూచీ ఉండదు. మీ బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాలలో ‘డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది’ అన్న వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది, తీసి చూడండి. జనవరిలో ధరలు పెంచడం కార్ల కంపెనీలకు అలవాటే, ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆ భయాన్ని చూపించి కారు లేకుండా డబ్బు తీసుకోవడం వేరే సంగతి.

ఫోన్‌లో వాదించవద్దు. షోరూముకు ఒక ఈమెయిల్ రాయండి, కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా అదే పంపండి. మూడు వాక్యాలు చాలు: “నా బుకింగ్ నంబరు ఇది. నాకు కారు కేటాయించారా? కేటాయించి ఉంటే షాసీ నంబరు, తయారైన నెల, కారు ప్రస్తుతం ఎక్కడ ఉన్నదీ తెలియజేయగలరు.” సేల్స్ ఎగ్జిక్యూటివ్ మీద కోపం చూపించి ప్రయోజనం లేదు. ఆ అబ్బాయి చేతిలో కేటాయింపు ఉండదు. అడగవలసింది సేల్స్ మేనేజరును. రాతపూర్వకంగా అడిగిన రెండు మూడు రోజుల్లో జవాబు మారిపోవడం చాలాసార్లు చూశాను.

డబ్బు ఎప్పుడు కట్టినా షోరూము పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకే కట్టండి. ‘నా నంబరుకు ఫోన్‌పే చేయండి సార్, నేను జమ చేస్తాను’ అంటే, ఎంత తెలిసిన కుర్రాడైనా సరే, వద్దనండి.

గుంటూరులో ఒక లెక్చరర్‌గారి సంగతి చెబుతాను. షోరూము మాట మీద బ్యాంకు లోను మొత్తం విడుదల చేయించారు. పాత కారు కూడా ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశారు. తర్వాత తెలిసింది, ఆయన అడిగిన రంగు ఆ నెల తయారీలోనే లేదని. రెండు కిస్తులు కట్టాక గానీ కారు రాలేదు. ఆ రెండు నెలలూ ఆయన ఆటోలలో కాలేజీకి వెళ్ళారు. అందులో మోసం ఏమీ లేదు. కాగితం లేని మాటను ఇద్దరూ నమ్ముకున్నారు, భారం మాత్రం ఒక్కరి మీదే పడింది. అందుకే లోను మంజూరు చేయించుకుని ఉంచండి, కానీ షాసీ నంబరుతో బిల్లు లేదా ప్రోఫార్మా (ముందస్తు బిల్లు) వచ్చాకే విడుదల చేయమని బ్యాంకుకు రాసివ్వండి. వడ్డీ లెక్క మొదలయ్యేది విడుదలైన రోజు నుంచే. మంజూరుకు గడువు ఉంటుంది, అది ఎప్పుడు ముగుస్తుందో బ్రాంచిలో కనుక్కోండి. దాటితే పొడిగించడం పెద్ద పని కాదు. పాత కారును కొత్తది చేతికి వచ్చే రోజునే అప్పగించండి. అప్పగించేటప్పుడు తేదీ, సమయం వేసిన డెలివరీ నోటు తీసుకోండి, బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి జిరాక్సులు దగ్గర ఉంచుకోండి. పాత కారు బీమాలో మీరు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ మీ సొత్తు. దాని ధ్రువపత్రం తెచ్చుకుంటే కొత్త కారు ప్రీమియంలో, సొంత నష్టం భాగం మీద 50 శాతం దాకా తగ్గుతుంది. చాలామంది దీన్ని అడగకుండానే వదిలేస్తున్నారు.

లోను సందర్భంలోనే ఇంకొక మాట. ‘ఎలక్ట్రిక్ కారు లోను వడ్డీ మీద ఏడాదికి లక్షన్నర పన్ను మినహాయింపు’ అని ఇప్పటికీ కొందరు చెప్పి అమ్ముతున్నారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈఈబీ సెక్షన్ కింద ఆ వెసులుబాటు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. మీకు వర్తించదు. కేంద్రం ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ కూడా సొంత కార్లకు లేదు. మీకు నిజంగా దక్కుతున్నది 5 శాతం జీఎస్టీ. 2019 ఆగస్టులో 12 నుంచి 5కు తగ్గించారు, 2025 సెప్టెంబరులో మిగతా కార్ల పన్ను మారినప్పుడు కూడా దీన్ని అలాగే ఉంచారు. కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవారు ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ కింద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. పాన్ నంబరు బిల్లులో సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. రోడ్డు పన్ను రాయితీలు ప్రభుత్వ ఉత్తర్వుల గడువులను బట్టి మారుతుంటాయి. కొటేషన్‌లో రోడ్డు పన్ను అని ఒక అంకె కనిపిస్తే, అది ఏ లెక్క ప్రకారం వేశారో అడిగి, రిజిస్ట్రేషన్ అయ్యాక పన్ను రసీదుతో సరిచూడండి. ‘హ్యాండ్లింగ్’, ‘లాజిస్టిక్స్’ అన్న పద్దులు కనబడితే తీసేయమనండి.

ఇక ఆలస్యం ఎందుకు అన్నది. కొత్త మోడల్ అయితే బుకింగ్‌ల వెల్లువే మొదటి కారణం. 2025 ఫిబ్రవరి 14న మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లకు ఒక్క రోజులో 30,179 బుకింగ్‌లు వచ్చాయి. కొత్త మోడల్ మొదలుపెట్టిన ఫ్యాక్టరీ అన్ని కార్లను ఒకటి రెండు నెలల్లో తయారు చేయడం కష్టం. అదే సంవత్సరం ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఎలక్ట్రిక్ మోటార్లకు అవే ప్రాణం. ఇవి పెద్ద కారణాలు. మనలాంటి ఊళ్ళలో ఎక్కువగా ఆలస్యం చేసేవి చిన్నవే: ఫ్యాక్టరీలో ఒక్కో రంగు, ఒక్కో బ్యాటరీ సైజు విడతలుగా తయారవుతాయి, తక్కువ మంది అడిగే కలయిక అయితే తర్వాతి విడత దాకా ఆగాలి. ట్రైలర్ నిండాలి. అడిగేవారు ఎక్కువగా ఉన్న పెద్ద నగరాల షోరూములకు ముందు పంపుతారు. మీరు బుక్ చేసిన రంగు, వేరియంటు ఈ నెల తయారీలో ఉందా అని సూటిగా అడిగితే, తెలిసిన మేనేజరు నిజమే చెబుతారు.

సిద్ధంగా ఉన్న ఆ వేరే రంగు కారు గురించి. రంగు మీ ఇష్టం, నేను చెప్పేది ఏమీ లేదు. కానీ అది ఎందుకు సిద్ధంగా ఉందో తెలుసుకోవాలి. ఒకరు రద్దు చేసుకున్న కారు కావచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆషాఢం నుంచి యార్డులో ఎండకు ఎండి వానకు తడిసిన కారూ కావచ్చు. షాసీ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. సాధారణంగా పదో స్థానం తయారీ సంవత్సరాన్ని చెబుతుంది: 2024కు ఆర్, 2025కు ఎస్, 2026కు టి. నెల, సంవత్సరం ఆర్‌సీలో కూడా అచ్చవుతాయి, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారు చూసేది అదే. డిసెంబరు నెలలో ఈ తేడాకు విలువ ఎక్కువ. నవంబరులో తయారైన కారును జనవరిలో తీసుకున్నా కాగితాల మీద అది పోయిన సంవత్సరం కారే. దానికి తగ్గ డిస్కౌంటు ఇస్తేనే తీసుకోండి. ఇవ్వకపోతే, మీ అసలు కారు ఇంకా తయారు కాలేదన్నది నిజమైతే, ఆగడమే మీకు లాభం. అది కొత్త సంవత్సరం కారుగా వస్తుంది.

ఎక్కువ కాలం నిలిచిన ఎలక్ట్రిక్ కారులో నేను మొదట చూసేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ ఎంత బాగున్నా, తలుపు తాళాలు, స్క్రీను, కంప్యూటర్లు మేలుకోవాలంటే చిన్నది పనిచేయాలి. నెలల తరబడి నిలిచిన కార్లలో ముందు చచ్చేది అదే. దాన్ని కేబుళ్ళతో మేల్కొలిపి ఇస్తే ఒప్పుకోవద్దు, కొత్తది వేయమనండి.

ఇప్పుడు ఇంటి సంగతి. రానుపోను రోజుకు దాదాపు 70 కిలోమీటర్లు తిరుగుతానన్నారు. మామూలు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు 6 నుంచి 7 కిలోమీటర్లు నడుస్తుంది. ఛార్జింగ్‌లో పోయేది కలుపుకుంటే మీకు రోజుకు 11, 12 యూనిట్లు కావాలి. 15 ఆంపియర్ల పాయింటు నుంచి గంటకు 3 యూనిట్ల దాకా ఎక్కుతుంది. అంటే రాత్రి నాలుగు గంటలు చాలు. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ బిగించలేదని డెలివరీ ఆపుకోవలసిన పని లేదు. సరైన 15 ఆంపియర్ల పాయింటుతో మీరు హాయిగా నెట్టుకు రావచ్చు. గోడ ఛార్జర్ ఉంటే ఖాళీ అయిన 45 యూనిట్ల బ్యాటరీ ఆరేడు గంటల్లో నిండుతుంది, మామూలు పాయింటుతో పదిహేను గంటలు పడుతుంది. తెల్లవారి ఊరు వెళ్ళాలనుకున్న రోజుల్లో దాని విలువ తెలుస్తుంది.

‘సరైన పాయింటు’ అన్నాను. వంటగదిలోనో ఏసీ పక్కనో ఉన్న సాకెట్ నుంచి తీగ లాగడం సరైనది కాదు. ఏసీ ఆగి ఆగి నడుస్తుంది, కారు నాలుగు గంటలు ఏకబిగిన కరెంటు లాగుతుంది. ప్లాస్టిక్ సాకెట్ వేడెక్కి మెత్తబడి, ప్లగ్గు నల్లబడిన ఇళ్ళు ఎన్నో చూశాను. మెయిన్ బోర్డు నుంచి కారు నిలిపే చోటుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించండి. ఎలాగూ గోడ తవ్వుతున్నారు కాబట్టి ఇప్పుడే 6 చదరపు మిల్లీమీటర్లది వేయిస్తే, రేపు గోడ ఛార్జర్ పెట్టినప్పుడు మళ్ళీ తవ్వనక్కరలేదు. దానికి సొంత ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి) ఉండాలి. సాకెట్ నీలం రంగు ఇండస్ట్రియల్ రకం పెట్టించండి.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. మామూలు ఇళ్ళలో ఫ్యాను, ఫ్రిజ్ ఎర్త్ లేకపోయినా నడిచిపోతాయి, ఎవరికీ తెలియదు. కారు మాత్రం ఛార్జింగ్ మొదలుపెట్టే ముందు ఎర్త్‌ను తానే పరీక్షించుకుంటుంది, నచ్చకపోతే మొండికేస్తుంది. పటమటలో ఒక ఇంట్లో కొత్త కారు ఛార్జర్‌లో ఎర్ర దీపం వెలుగుతోందని, కారే పాడని షోరూముతో గొడవ జరుగుతోంది. నన్ను పిలిచారు. మల్టీమీటరు పెడితే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ చూపించింది. ఎర్త్ తీగను పట్టుకుని వెతుక్కుంటూ పోతే, పెరటి గోడ దగ్గర అది పాత ఇనుప నీళ్ళ గొట్టానికి చుట్టి ఉంది. ఒకప్పుడు ఆ గొట్టం భూమిలోకి వెళ్ళేది. స్నానాల గది బాగు చేయించినప్పుడు కింది ముక్క తీసేసి ప్లాస్టిక్ గొట్టం వేశారు. అంటే ఆ ఇంటి ఎర్త్ కొన్నేళ్ళుగా గాలిలో వేలాడుతోంది. గేటు పక్కన కొత్త ఎర్త్ గుంత తవ్వించి, దాని నుంచి విడిగా తీగ లాగగానే కారు ఛార్జింగ్ మొదలైంది. కాబట్టి మీ ఎలక్ట్రీషియన్‌ను న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడమనండి. రెండు మూడు వోల్టులకు మించకూడదు. మించితే కొత్త గుంత తవ్వించండి. మన గుంటూరు నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఆ గుంతలో నీళ్ళు పోస్తూ ఉండాలి.

మీటరు విషయం. మీ ఇంటికి 3 కిలోవాట్ల లోడు మంజూరై ఉందన్నారు, పైన అద్దెకున్నవారికి వేరే మీటరు. 15 ఆంపియర్ల పాయింటుకు కూడా ఏసీ, గీజరు, కారు ఒకేసారి నడిస్తే 3 కిలోవాట్లు దాటిపోతాయి. మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు అదనపు లోడుకు దరఖాస్తు చేయండి. లేదా కారు కోసం విడిగా కనెక్షన్ తీసుకోండి. 2024లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు ఎలక్ట్రిక్ వాహనానికి విడి కనెక్షన్ అడిగే వీలు కల్పించాయి. మునిసిపల్ ప్రాంతాల్లో కొత్త కనెక్షన్‌కు ఏడు రోజుల గడువు పెట్టింది కూడా అవే నిబంధనలు.

విడి కనెక్షన్ లాభమో కాదో లెక్క వేసి చూపిస్తాను. ఇటీవలి సంవత్సరాల టారిఫ్‌లో ఇంటి వాడకం నెలకు 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75, 400 దాటాక 9.75 రూపాయలు. ఎలక్ట్రిక్ వాహన ఛార్జింగ్ కేటగిరీలో యూనిట్ 6.70. మీ ఇంటి వాడకం ఇప్పుడు 250 యూనిట్లు, కారుకు నెలకు 280 అనుకుందాం. ఇంటి మీటరు మీదే అయితే మొదటి 150 యూనిట్లకు 1,312, మిగతా 130కి 1,267, మొత్తం దాదాపు 2,580 రూపాయలు. విడి మీటరు మీద 1,876. నెలకు ఏడు వందల తేడా, సర్‌ఛార్జీలు కాకుండా. మీలా రోజూ తిరిగేవారికి విడి మీటరు ఖర్చు రాబట్టుకోవడం కష్టం కాదు. నెలకు 500 కిలోమీటర్లు కూడా తిరగనివారికి నేను సిఫార్సు చేయను. ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి. పండుగ రోజుల్లో లైన్‌మ్యాన్ కోసం తిరగడం కష్టం.

కంపెనీ ఛార్జర్ ఉచితంగా ఇస్తుంటే, దాన్ని బిగించే ఏజెన్సీ ఎన్ని మీటర్ల తీగ దాకా ఉచితమో, ఆ పైన మీటరుకు ఎంతో ముందే అడగండి. కరెంటు మీటరు ఇంటి వెనక వైపు ఉండి కారు ముందు గేటు దగ్గర నిలిపే ఇళ్ళలో ఆ బిల్లు బాగా పెరుగుతుంది. విజయవాడలో బుడమేరు పరిసరాల్లో ఇల్లున్నవారికి మాత్రం ఒక మాట: 2024 సెప్టెంబరు 1న వరద నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో మీ గోడ మీద మరక చెబుతుంది, ఛార్జర్ దానికి పైనే ఉండాలి.

షాసీ నంబరు వచ్చి, కారు యార్డుకు చేరాక, డబ్బు కట్టక ముందు చూడటానికి వెళ్ళండి. పగటి వెలుగులో వెళ్ళండి. పండుగ ముందు రోజు, ముహూర్తం రోజు వెళ్ళవద్దు. ఒకేసారి పది కార్లు ఇస్తూ ఉంటారు, మిమ్మల్ని తాపీగా చూడనివ్వరు. మంచిరోజు డెలివరీకి చూసుకోండి, పరీక్షకు మామూలు రోజే మంచిది. షాసీ నంబరు మీకు పంపినదేనా చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 4025 అంటే 2025లో 40వ వారం. నాలుగు టైర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చివర చూడండి. కారు లోపల ఎంత శుభ్రం చేసినా, నీళ్ళలో మునిగిన కారు బెల్టు చివర బురద గీత ఉండిపోతుంది. కారును లిఫ్టు మీద ఎక్కించమని అడగండి, ఇదొక్కటి మాత్రం పట్టుబట్టండి. ఎలక్ట్రిక్ కారులో అడుగున ఉన్నది బ్యాటరీ పెట్టె. ట్రైలర్ దించేటప్పుడు అంచు తగిలి గీతలు, సొట్టలు పడే వీలుంది, కింద పడుకుని చూసినా సరిగ్గా కనబడవు. పెట్టె మీద సొట్ట ఉంటే ఆ కారు వద్దని ఈమెయిల్ రాసి వచ్చేయండి. తర్వాత వారంటీ అడిగినప్పుడు అది మీ వాడకంలో పడిందంటారు.

ఆపైన రెండు రకాల ఛార్జింగూ మీ ఎదురుగా పెట్టించి చూడండి. ఇంటి ప్లగ్గుతో కొన్ని నిమిషాలు, సీసీఎస్2 (రోడ్డు మీది ఫాస్ట్ ఛార్జర్లకు వాడే ప్లగ్గు రకం) ఫాస్ట్ ఛార్జర్‌తో కొన్ని నిమిషాలు. నెలల తర్వాత హైదరాబాద్ రోడ్డు మీద సూర్యాపేటలో మొదటిసారి ఫాస్ట్ ఛార్జర్ పెట్టి, అది తీసుకోకపోతే పిల్లలతో నిలబడిపోవడం ఎవరికీ రాకూడదు. కంపెనీ యాప్ మీ ఫోన్ నంబరు మీదే నమోదు చేయించండి. రెండు తాళాలు, ఛార్జింగ్ కేబులు, దాని సంచి, బ్యాటరీ వారంటీ పుస్తకం తీసుకోండి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నాయి. కొన్ని మొదటి యజమానికి అంతకంటే ఎక్కువ ఇస్తున్నాయి. అందుకే ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉండాలో ఇంట్లో ముందే అనుకోండి.

బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే తరచూ వాళ్ళే తగ్గిస్తారు. థర్డ్ పార్టీ మూడేళ్ళకు తప్పనిసరి, ఎలక్ట్రిక్ కార్లకు అందులో 15 శాతం తగ్గింపు ఉంది. నీళ్ళు చేరి బ్యాటరీ పాడైతే వర్తించే అదనపు రక్షణ, జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగు కోయకుండా క్లెయిము ఇచ్చేది), ఈ రెండూ మాత్రం వదలవద్దు. డిసెంబరులో బిల్లు వేసి సంక్రాంతికి తీసుకోవాలని మీరే అనుకుంటే, వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో బిల్లుకు ముందే రాయించుకోండి. వాడని రోజులు మీ ఖాతాలో పడకూడదు.

పండుగకే కావాలనుకుంటే కాగితాల పని భోగికి నాలుగైదు రోజుల ముందే పూర్తికావాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ మూడు రోజులూ ఏ ఆఫీసులోనూ పని జరగదు. దుర్గమ్మ గుడి దగ్గర వాహన పూజకు కూడా పండుగ రోజుల్లో వరుస చాలా పొడవుంటుంది.

చివరగా రద్దు. రాసిన ఈమెయిల్‌కు రెండు వారాల్లో సరైన జవాబు రాకపోతే, లేదా ఒకసారి ఇచ్చిన షాసీ నంబరు మార్చి మరొకటి చెబితే, అప్పుడు ఆలోచించండి. ముందు అదే కంపెనీ మరో షోరూములో, గుంటూరులో బుక్ చేసి ఉంటే విజయవాడలో, మీ రంగు ఉందేమో కనుక్కోండి. అక్కడ దొరికితే ఇక్కడ రద్దు కోరుతూ రసీదు నకలుతో ఈమెయిల్ ఇవ్వండి, డబ్బు ఎన్ని పనిదినాల్లో తిరిగి వేస్తారో రాతలో అడగండి. బుకింగ్ షరతులలో కోత ఎంత అని రాసి ఉందో అంతకు మించి పట్టుకోవడానికి వీల్లేదు. సతాయిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. నా దగ్గరకు వచ్చినవారిలో చాలామందికి అక్కడితోనే డబ్బు వచ్చింది. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. బుకింగ్ రసీదు, బుకింగ్ ఫారం, ‘ఆరు నుంచి ఎనిమిది వారాలు’ అని వాళ్ళు పంపిన వాట్సాప్ సందేశం, ఈ మూడూ ఇప్పుడే ఒకచోట భద్రపరచుకోండి.